సంగనకల్లు చూసొద్దాం రండి



సెలవులు వస్తున్నాయంటే మన సరిహద్దు జిల్లాల ఇళ్ళలో ఒకటే మాట వినిపిస్తుంది. "ఈసారి ఎక్కడికి పోదాం?" అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళు కాసేపు ఆలోచించి చివరికి "హంపికి పోదాంలే" అంటారు. గుంతకల్లు నుంచి, ఆదోని నుంచి, రాయదుర్గం నుంచి, అనంతపురం నుంచి బయలుదేరిన బస్సులూ కార్లూ బళ్ళారి మీదుగా హోస్పేట దారి పడతాయి. పొద్దున్నే కట్టుకున్న పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, నిద్ర చాలని పసిపిల్లలు, అన్నీ హంపికే.

హంపిని చూడవద్దని నేను చెప్పను. చూడదగ్గ చోటే. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఊరు అది. మన జేబులోని కొత్త యాభై రూపాయల నోటు వెనక్కి తిప్పితే కనిపించేది అక్కడి రాతిరథమే. అయితే సెలవు రోజున ఆ రాతిరథం ముందు నిలబడ్డవాళ్ళకు రథం ఎంత కనిపిస్తుందో, ముందున్నవాళ్ళ తలకాయలు ఎంత కనిపిస్తాయో మీకు తెలియనిది కాదు. ఫోటో కోసం వరుస, టికెట్టు కోసం వరుస, భోజనం కోసం వరుస. సాయంత్రం ఇంటికి చేరాక "ఏం చూశావురా?" అని పిల్లవాణ్ణి అడిగితే, "ఐస్‌క్రీమ్ తిన్నాను" అంటాడు. వాడి తప్పేమీ లేదు. ఆ సందడిలో వాడికి గుర్తుండేది అదే.

అందుకే ఈనాటి ప్రసంగంలో మిమ్మల్ని మరో ఊరికి తీసుకుపోతాను. అక్కడ వరుసలు లేవు. రాతిరథం లేదు, రాజుల కోట లేదు, గోపురం లేదు. బళ్ళారికి ఈశాన్యంగా పది కిలోమీటర్లలోపే ఉన్న ఒక మామూలు పల్లె, దాని చుట్టూ నాలుగు బండల గుట్టలు. ఊరి పేరు సంగనకల్లు. దాని పక్కనే కప్పగల్లు. పుస్తకాల్లో కుప్‌గల్ అని రాసి ఉండేది ఈ ఊరే.

ఈ పేర్లు వినగానే మన తెలుగువాళ్ళ ముఖాల్లో చిన్న నవ్వు కనిపిస్తుంది. ఇది తాగే కల్లు కాదండీ. కన్నడంలో కల్లు అంటే రాయి. గుంతకల్లులో ఉన్నదీ ఆ కల్లే. బళ్ళారి ప్రాంతంలో ఊళ్ళ పేర్లు, ఇంటి పేర్లు, సంతలో బేరాలు రెండు భాషల మధ్య ఇలాగే అటూ ఇటూ తిరుగుతుంటాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. బళ్ళారి పట్టణం, మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. పటం మీద గీత పడింది కానీ, వియ్యాలూ వ్యాపారాలూ ఆ గీతను లెక్కచేయలేదు. మన తెలుగు నాటకానికి ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటి ఉద్దండులను ఇచ్చిన పట్టణం అది. కాబట్టి బళ్ళారికి పోవడమంటే మనకు పరాయి చోటికి పోవడం కాదు. సంగనకల్లులో దారి అడగడానికి మీకు కన్నడం బాగా రాకపోయినా ఫరవాలేదు. తెలుగులో అడిగినా బదులు పలికేవాళ్ళు ఉంటారు.

ఇంతకూ ఆ పల్లెలో చూడడానికి ఏముంది? ముందుగా కాలం లెక్క ఒకటి చెప్పుకుందాం. 1336లో విజయనగరం పునాది పడిందని మనం చదువుకున్నాం. అంటే ఆ మహానగరం పుట్టి ఇంకా ఏడువందల ఏళ్ళు నిండలేదు. సంగనకల్లు గుట్టల మీద మనుషులు ఇళ్ళు కట్టుకుని, పశువులను కట్టేసుకుని, గింజలు నూరుకుని బతికినది సుమారు నాలుగువేల ఏళ్ళ కిందట. అప్పటికి మన ప్రాంతంలో ఇనుము లేదు. రాత లేదు. రాజూ లేడు. చరిత్ర పుస్తకాల్లో నవీన శిలాయుగం అనే మాట చదివి పరీక్ష రాసి మరచిపోతాం కదా, ఆ యుగం వాళ్ళ ఊరు ఇది. వాళ్ళకు రాయే కత్తి, రాయే గొడ్డలి, రాయే తిరగలి.

ఈ ఊరి కథ బాగా అర్థం కావాలంటే, మొదట బూడిద దిబ్బల గురించి చెప్పాలి. బళ్ళారి నుంచి హంపికి పోయేవాళ్ళందరూ కుడితిని మీదుగానే పోతారు. ఆ కుడితిని దగ్గర ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. బస్సు కిటికీలోంచి చూసినా అదేదో మట్టిదిబ్బ అనుకుని ముందుకు సాగిపోతాం. ఇటువంటి దిబ్బలు బళ్ళారి చుట్టుపక్కల, రాయచూరు వైపు, మన కర్నూలు, అనంతపురం, పాలమూరు ప్రాంతాలలో చాలా ఉన్నాయి. కప్పగల్లు దగ్గరా ఉన్నాయి. ఇంత బూడిద ఎక్కడిదని జనం తరతరాలుగా ఆశ్చర్యపోయారు. రాక్షసులను చంపి దహనం చేసిన చోటు అన్నారు కొందరు. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ఇప్పటికీ చెబుతారు. దొరల కాలంలో వచ్చిన పండితులు కూడా తలా ఒక మాట చెప్పారు. అగ్నిపర్వతం బూడిద అన్నారు, పాత ఇనుప కొలిమి అన్నారు, యుద్ధంలో చనిపోయినవాళ్ళ చితి అన్నారు.

చివరికి తేలిన సంగతి వింటే మన పల్లెవాళ్ళు "ఇంతేనా!" అంటారు. అది పేడ బూడిద. ఆ కాలం మనుషులు వందలాది పశువులను దడి కట్టిన దొడ్లలో తోలి ఉంచేవాళ్ళు. ఏళ్ళ తరబడి పేడ పొరలు పొరలుగా పేరుకునేది. అప్పుడప్పుడూ దానికి నిప్పు పెట్టేవాళ్ళు. కొన్నిచోట్ల మంట వేడికి ఆ బూడిద కరిగి గాజులాగా గట్టిపడింది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరులో తవ్వినప్పుడు ఆ బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులే దొరికాయి. ఆ ఉట్నూరు ఆదిలాబాదు జిల్లాది కాదు, ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణా తీరం వైపు ఉన్నది. వేల ఏళ్ళ కిందట సాయంత్రం మేత మేసి దొడ్డిలోకి వచ్చిన ఆవుల అడుగులవి. ఆ గుర్తులు చూశాక ఇక వాదానికి చోటు లేకపోయింది.

మరి నిప్పు ఎందుకు పెట్టేవాళ్ళు? పురుగూ పుట్రా పోవాలని కావచ్చు. పండుగ కావచ్చు. దక్షిణ కర్ణాటకలో ఇప్పటికీ సంక్రాంతినాడు పశువులను అలంకరించి మంట మీదుగా దాటిస్తారు. కిచ్చు హాయిసువుదు అంటారు దాన్ని. ఆల్చిన్ ఇటువంటి ఆచారాలను గుర్తుచేసి, ఆనాటి మంటలకూ పశువుల పండుగలకూ సంబంధం ఉండవచ్చని అన్నాడు. ఇంట్లో ఒక్క ఆవు ఉన్నవాళ్ళకైనా ఈ మాట వింటే, ఆ మనుషులు మనకు మరీ దూరపువాళ్ళు కారనిపిస్తుంది.

ఇప్పుడు సంగనకల్లు గుట్ట ఎక్కుదాం. అక్కడ ఒక గుట్టను సన్నరాచమ్మ గుడ్డ అంటారు. కన్నడంలో గుడ్డ అంటే మన గుట్టే. కప్పగల్లు వైపు ఉన్న పెద్ద గుట్ట హిరేగుడ్డ, అంటే పెద్దగుట్ట. ఈ గుట్టల మీద, బండల మధ్య చదునుగా ఉన్నచోట్ల ఆనాటి మనుషులు గుండ్రని గుడిసెలు వేసుకున్నారు. కింద రాళ్ళ వరుస, పైన కొయ్యా మట్టీ గడ్డీ. తవ్వకాల్లో గచ్చు నేలలు, పొయ్యిలు, కుండపెంకులు, నూరుడు రాళ్ళు బయటపడ్డాయి. ఈ ప్రాంతపు ఆనాటి ఊళ్ళలో పసిపిల్లలు పోతే కుండలో పెట్టి ఇంటి దగ్గరే పూడ్చిన ఆనవాళ్ళు కూడా దొరికాయి. దూరంగా శ్మశానంలో వదిలేయడానికి ఆ తల్లికి మనసొప్పలేదేమో అని మనకు అనిపిస్తుంది. రాతియుగం మనుషులంటే తోలు చుట్టుకుని అరిచేవాళ్ళని సినిమాల్లో చూసినవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

వాళ్ళు ఏం తిన్నారు? బూడిదలోనూ మట్టిలోనూ మాడిపోయి మిగిలిన గింజలను నీళ్ళలో తేల్చి, జల్లించి, భూతద్దం కింద పెట్టి పరీక్షించారు శాస్త్రవేత్తలు. వాళ్ళ జాబితా చూస్తే మన వంటింటి అటకే గుర్తొస్తుంది. ఉలవలు ఉన్నాయి. పెసలు ఉన్నాయి. అండుకొర్రలు ఉన్నాయి. కొర్ర జాతికే చెందిన మరో చిన్న గింజ ఉంది. జొన్నలు మాత్రం లేవు. మనం అనాదిగా మనదే అనుకునే జొన్న, సజ్జ రెండూ ఆఫ్రికా నుంచి ఆ తర్వాత వచ్చిన పంటలు. ఉలవచారు కాచుకునే ఇల్లాలు ఈసారి ఆ కుండను కాస్త గౌరవంగా చూడవచ్చు. నాలుగువేల ఏళ్ళ నాటి పంట అది, మన నేల మీద ఒక్క యుగం కూడా తప్పకుండా పండుతూ వచ్చింది.

ఇక ఈ గుట్టలకు అసలు పేరు తెచ్చినది రాతి గొడ్డలి. హిరేగుడ్డ మీద గ్రానైటు బండల మధ్యగా నల్లని రాయి ఒకటి పొడవాటి గోడలాగా పారింది. శాస్త్రజ్ఞులు దాన్ని డోలరైటు అంటారు. గట్టిది, బరువైనది, దెబ్బకు తగినట్లు పెచ్చు లేస్తుంది. ఆనాటి పనివాళ్ళు ఆ రాతిని పగలగొట్టి, సుత్తిరాళ్ళతో పెచ్చులు లేపి గొడ్డలి ఆకారం తెచ్చేవాళ్ళు. తర్వాత దాన్ని సన్నగా పొడిచి, నీళ్ళు చల్లుతూ బండ మీద అరగదీసి పదును పెట్టేవాళ్ళు. అలా అరగదీసిన చోట్ల బండలు నున్నగా గుంటలు పడ్డాయి. ఈనాటికీ ఆ గుంటల్లో చేయి పెట్టి చూడవచ్చు. మన ఇంటి సన్నికల్లు అరిగినట్లుగా ఉంటాయి. ఎన్ని చేతులు, ఎన్ని తరాలు అరగదీస్తే గ్రానైటు అలా అరుగుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈ గుట్ట ఒక ఊరి అవసరానికి పనిచేసిన చోటు కాదు, పెద్ద కార్ఖానా. ఇక్కడి గొడ్డళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకూ పోయాయి.

ఈ సంగతులన్నీ ఎవరో ఒక్కరు ఒక్కరోజున కనిపెట్టినవి కావు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయుడు భూగర్భ సర్వే ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించి, ఈ దేశంలో మనిషి చరిత్ర ఎంత పాతదో చూపినవాడు. ఆయనే 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో బళ్ళారి జిల్లా అంతా తిరిగి, ఈ గుట్టల మీది రాతి కార్ఖానాను చూసి రాశాడు. బూడిద దిబ్బలు పేడవేనని గట్టిగా చెప్పినవారిలోనూ ఆయన ముందున్నాడు. ఆ తర్వాత మన తెలుగువాడైన బెండపూడి సుబ్బారావు పూణే దక్కన్ కాలేజీలో చదువుతూ సంగనకల్లులో తవ్వకాలు జరిపి, బళ్ళారి రాతియుగ సంస్కృతుల మీద 1948లో పుస్తకం వెలువరించాడు. తర్వాత 1960లలో మళ్ళీ తవ్వారు. ఈ శతాబ్దం మొదట్లో ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, విదేశాల నుంచి వచ్చిన నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ మొదలైనవాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడ పనిచేశారు. మనం పేరు కూడా వినని మన పక్క పల్లె కోసం అంతమంది అంత దూరం నుంచి వచ్చారన్నమాట.

శ్రోతలారా, రేడియోలో చెప్పడానికి అన్నిటికంటే తగిన సంగతి ఒకటి మిగిలింది. అది చూసేది కాదు, వినేది. హిరేగుడ్డ మీది నల్లబండల మీద బొమ్మలు ఉన్నాయి. రంగుతో వేసినవి కావు. రాతితో రాతిని పొడిచి, పైనున్న నలుపు పోగొట్టి లోపలి లేత రంగు కనిపించేలా చెక్కినవి. పొడుగాటి కొమ్ముల ఎద్దులు, మూపురాల ఆవులు, మనుషుల వరుసలు. కొన్ని బొమ్మలు చేతికి అందని చోట ఉన్నాయి. ఎవరో పట్టుకుంటే వేలాడి చెక్కినవేమో అనిపిస్తుంది. ఫాసెట్ అనే ఆయన 1892లోనే వీటి గురించి రాసినా, తర్వాత చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు. 2004లో బోయివిన్ రాసిన వ్యాసంతో వీటి పేరు మళ్ళీ లోకానికి వినబడింది. ఆ బొమ్మలున్న చోటనే కొన్ని బండల మీద గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటల్లో చిన్న రాయితో తడితే బండ గంటలాగా మోగుతుంది. రాయి చప్పుడు కాదు, కంచు ధ్వని. ఆ గుంటలు తట్టీ తట్టీ పడినవేనని పరిశోధకులు చెబుతున్నారు.

హంపిలో విఠ్ఠలాలయం సంగీత స్తంభాలు మీరు చూసే ఉంటారు. వచ్చినవాడల్లా తట్టి చూడడంతో అవి దెబ్బతిని, ఇప్పుడు వాటిని తట్టనివ్వడం లేదు. ఆ స్తంభాలు చెక్కిన శిల్పులకు కొన్ని వేల ఏళ్ళ ముందే, ఇదే ప్రాంతంలో ఒక మనిషి బండను తట్టి, అది పలికిందని గుర్తించి, మళ్ళీ మళ్ళీ తట్టాడు. ఎద్దుల మందలు కింద దొడ్లలోకి మళ్ళుతుంటే పైనుంచి ఆ మోత వినిపించి ఉంటుంది. మన నేల మీద మనకు ఆనవాలు మిగిలిన మొదటి వాద్యాలలో అది ఒకటని అనుకుంటే తప్పేముంది?

ఇదంతా విన్నాక మీకు ఒక సందేహం రావచ్చు. ఇంత గొప్ప చోటు అయితే జనం ఎందుకు పోరు? ఒక కారణం చెబుతాను. అక్కడ కంటికి ఇట్టే ఆనే గోపురం లేదు. తెలియకుండా పోతే బండలే కనిపిస్తాయి. తెలిసి పోతే ఊరు కనిపిస్తుంది. హంపిలో మార్గదర్శకుడు గబగబా చెప్పుకుపోతాడు, మనం అతని వెనక నడుస్తాం. సంగనకల్లులో మన కళ్ళే మనకు మార్గదర్శకులు. కాసేపు కూర్చోవాలి. గాలి వినాలి. నున్నటి గుంటలో చేయి పెట్టాలి. కింద పొలంలో గొర్రెలు కాసేవాళ్ళను చూసి, పైన ఎద్దు బొమ్మను చూడాలి. ఇది సందడిలో జరిగే పని కాదు. అందుకే ఈ నిశ్శబ్దం లోటు కాదు, అదే ఆ చోటు సొత్తు.

అయితే ఆ నిశ్శబ్దంలో ప్రమాదం కూడా ఉంది. ఎవరూ చూడని చోట ఏం జరిగినా ఎవరికీ తెలియదు. బళ్ళారి చుట్టూ బండల గుట్టలు కంకరగా మారిపోతున్న సంగతి మీకు తెలుసు. రోడ్లకు కంకర కావాలి, ఇళ్ళకు రాయి కావాలి. కప్పగల్లు గుట్ట కూడా దీనికి తప్పించుకోలేదు. క్వారీ పనుల వల్ల బొమ్మలున్న బండలకు, మోగే బండలకు ముప్పు వచ్చిందని, కొన్ని దెబ్బతిన్నాయని పరిశోధకులు 2004లోనే ప్రపంచానికి చెప్పారు. కొట్టినవాళ్ళకు అది మామూలు రాయి. అక్కడ ఏముందో వాళ్ళకు ఎవరు చెప్పారు?

ఇక్కడ నేను కూలీలను తప్పుపట్టను. రాయి కొట్టి బతికే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. వాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడే వడ్డెరలు. వాళ్ళ సుత్తి దెబ్బలోని నేర్పు కూడా హిరేగుడ్డ మీది పనివాడి నేర్పుకు వారసత్వమే అనిపిస్తుంది నాకు. తేడా ఒక్కటే. ఆనాటి పనివాడు తన చేతికి పట్టినంత రాయి తీశాడు, గుట్ట నిలిచింది. ఈనాటి యంత్రం గుట్టనే తీసుకుపోతుంది. కంకర మరో గుట్టలో దొరుకుతుంది. మోగే బండ మరో గుట్టలో దొరకదు. ఏ గుట్టను కొట్టవచ్చు, ఏ గుట్టను వదిలేయాలి అని తేల్చవలసినది ప్రభుత్వం, పంచాయతీ, చదువుకున్న మనం. పూటకూటికి సుత్తి పట్టుకున్నవాడు కాదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? మొదటిది పోయి చూడడమే. ఏడాదికి పది కుటుంబాలు, నాలుగు బడుల పిల్లలు వచ్చి అడిగి చూసి పోతుంటే, ఊరివాళ్ళకు ఆ గుట్ట మీద కన్ను పడుతుంది. "దీన్ని చూడడానికి ఇంత దూరం నుంచి వస్తున్నారే" అనుకుంటారు. ఆ ఒక్క ఆలోచన కంచె కంటే గట్టిది. అలాగని వేలాదిమందిమి ఒక్కసారిగా ఎగబడితే, హంపిలో విసుగెత్తిన సందడినే ఇక్కడికి మోసుకొచ్చినవాళ్ళం అవుతాం. కొద్దిమందిగా పోవాలి, అతిథులుగా పోవాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

అతిథిగా పోవడం ఎలాగో రెండు మాటలు చెబుతాను. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. బళ్ళారికి ఉన్నవి రెండే కాలాలు, ఎండాకాలం, మండుటెండల కాలం అని మనవాళ్ళు వేళాకోళం ఆడుతుంటారు. వేసవిలో ఆ బండలు పెనంలాగా కాలుతాయి. చలికాలంలోనైనా తెల్లవారుజామునే బయలుదేరండి. గుంతకల్లు నుంచి రైలు ఉంది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం వైపు నుంచి బస్సులు ఉన్నాయి. బళ్ళారిలో దిగి ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, ఆటో మాట్లాడుకుంటే చాలు. తాగే నీళ్ళు, టోపీ, గట్టి చెప్పులు మరచిపోవద్దు.

వీలైతే ముందు బళ్ళారి పట్టణంలోని మ్యూజియం చూడండి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరుతో, సంగనకల్లు పేరుతోనే అక్కడ ఒక పురావస్తు ప్రదర్శనశాల ఏర్పాటైంది. గొడ్డళ్ళు, నూరుడు రాళ్ళు, కుండలు దగ్గరగా చూసి పోతే, గుట్ట మీద ఏం చూడాలో మీ కంటికి తెలుస్తుంది. పిల్లలకు అయితే ఈ వరుస మరీ ముఖ్యం.

ఊళ్ళోకి పోగానే నేరుగా గుట్ట ఎక్కకండి. రచ్చకట్ట దగ్గర పెద్దవాళ్ళుంటారు. నమస్కారం పెట్టి, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పి, దారి అడగండి. దారి చూపడానికి ఊరి కుర్రవాడు ఎవరైనా వెంట వస్తే సంతోషం. అతని పూట కూలికి తగ్గకుండా చేతిలో పెట్టండి. పొలాల గట్ల మీదుగా పోయేటప్పుడు పైరు తొక్కవద్దు. టీ తాగినా, అరటిపళ్ళు కొన్నా ఆ ఊరి కొట్లోనే కొనండి. మీ రాక వల్ల ఊరికి పది రూపాయలు మిగలాలి కానీ ప్లాస్టిక్ సంచులు కాదు.

గుట్ట మీద మూడు పనులు చేయవద్దు. బండ మీద పేర్లు రాయవద్దు. నాలుగువేల ఏళ్ళ ఎద్దు పక్కన మన పేరు ఉండవలసిన అవసరం ఏమీ లేదు. రెండవది, రాతి పెచ్చో గొడ్డలి ముక్కో కనిపిస్తే జేబులో వేసుకోవద్దు. ఇంటి అలమారలో అది రాయి. ఉన్నచోట ఉంటేనే చరిత్ర. మూడవది, మోగే బండలను మీరు కొట్టవద్దు. మనసు ఊరుకోదని తెలుసు. హంపి స్తంభాల గతి ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ గుంటల దగ్గర కూర్చుని, ఆ మోతను మనసులో వినండి.

సాయంత్రం దిగేటప్పుడు ఒకసారి వెనక్కి చూడండి. పొద్దు వాలుతుంటే ఆ బండలు ఎర్రబడతాయి. కింద ఊళ్ళో పొయ్యిల పొగ లేస్తుంది, పశువులు ఇళ్ళకు మళ్ళుతుంటాయి. నాలుగువేల ఏళ్ళ కిందటా ఈ గుట్ట కింద ఇవే జరిగి ఉంటాయి. ఒక్కటి గమనించండి. హంపిలో రాజ్యం పోయింది, రాజధాని పోయింది. ఇక్కడి పశువూ పొయ్యీ ఉలవగింజా ఇంకా పోలేదు. ఇంటికి చేరాక "ఏం చూశావురా?" అని పిల్లవాణ్ణి అడగండి. ఈసారి వాడి సమాధానం వేరేగా ఉంటుందని నా నమ్మకం.

సంగనకల్లు వరకు పోవడానికి వీలులేనివాళ్ళు దిగులు పడవద్దు. మీ మీ ఊళ్ళ చుట్టూ కూడా చూడండి. బళ్ళారి జిల్లాలో తుంగభద్ర ఒడ్డున నిట్టూరు, ఉడేగోళం పల్లెల్లో అశోకుడి శాసనాలు ఉన్నాయి. మన కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీదా ఆ చక్రవర్తి మాటలు ఉన్నాయి. ఇవన్నీ పల్లెలే. మీ ఊరి గుట్ట మీదా ఒక అరిగిన గుంట ఉండవచ్చు, మీ పొలం గట్టు కింద ఒక బూడిద పొర ఉండవచ్చు. ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే నడిచి ఉంటారు. రేపు ఒకసారి ఆగి చూడండి. అనుమానం వస్తే తవ్వకండి, మీ ఊరి మాస్టారికి చెప్పండి, పురావస్తు శాఖవాళ్ళకు ఒక ఉత్తరం రాయించండి.

దూరపు కొండలు నునుపు అంటారు మన పెద్దలు. దగ్గరి కొండలూ నునుపేనని, ఆ నునుపు నాలుగువేల ఏళ్ళ నాటి చేతులు అరగదీసి తెచ్చిందని సంగనకల్లు మనకు చెబుతుంది. ఈ సెలవుల్లో ఒక్కరోజు ఆ గుట్టకు ఇవ్వండి. అది కంకర కాకముందే.